అంగిలి మీద మచ్చ కేన్సర్ అవడానికి ఎన్నేళ్లు పడుతుంది?

కేన్సర్ బయట నుంచి వచ్చి మీద పడే జబ్బు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఒడిశా గంజాం జిల్లాలోని మా బరంపురంలో బయాప్సీ (అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) రిపోర్టు చేతికి తీసుకున్న ఇంటివాళ్లు చాలామంది మొట్టమొదట అడిగేది "ఇది ఎక్కడ అంటుకుంది, ఎవరి నుంచి వచ్చింది" అనే. ఆ వెంటనే ఇంకో ప్రశ్న: "నిన్న మొన్నటి దాకా బాగానే తిరిగింది కదా, ఇంతలో ఇంత ఎలా అయిపోయింది?" మొదటి దానికి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఎవరి నుంచీ రాలేదు, అది ఆ మనిషి సొంత కణమే. రెండోదానికి మాత్రం తీరిగ్గా కూర్చుని చెప్పాలి. ఇంతలో అవలేదు, ఎన్నో ఏళ్లుగా లోపల ఒక్కొక్కటీ తప్పుతూ వచ్చి ఇప్పుడు బయటపడింది. ఆ ఏళ్లలో ఏం జరుగుతుందో ఎవరైనా చెప్పి ఉంటే కొంతమందైనా ముందే వచ్చి ఉండేవాళ్లు కదా అనిపిస్తుంది నాకు, అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను డాక్టర్ని కాదు. హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఆపరేషన్‌లోనో బయాప్సీలోనో తీసిన ముక్క ఫార్మలిన్ డబ్బాలో మా దగ్గరికి వస్తుంది, దాన్ని మైనంలో పోసి, కోసి, రంగు వేసి స్లైడ్ చేసేది నేను, చూసి ఏం జబ్బో రాసేది పాథాలజిస్టు మేడమ్. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు నుంచీ ముక్కలు వస్తాయి, అటు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచీ మనుషులు ఇక్కడికే వస్తారు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు గంజాం అటు వెళ్లింది గానీ, సరిహద్దు గీతకి ఈ పక్కనా ఆ పక్కనా మాట ఒకటే, చేప ఒకటే, చుట్ట ఒకటే. నోటి జబ్బులు కూడా ఒకటే.

అడ్డపొగ గురించి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, దూరాన ఉన్నవాళ్ల కోసం చెప్తాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసి కాలుస్తారు. ఎక్కువగా ఆడవాళ్లే, అందులోనూ ఒడ్డున చేపలమ్మే పెద్దవాళ్లు, పొలం పనికి వెళ్లేవాళ్లు. గాలికి నిప్పు ఆరదు, బూడిద మీద పడదు, చుట్ట చాలాసేపు వస్తుంది, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, నలుగురిలో కాల్చినట్టు కూడా కనపడదు. వాళ్లమ్మ కాల్చింది, మేనత్త కాల్చింది, అలా అలవాటైంది. కానీ నిప్పు సెగా, పొగా రెండూ ఎదురుగా వెళ్లి తగిలేది అంగిలికి. గట్టి అంగిలి మీద కేన్సర్ లోకంలో చాలా చోట్ల అరుదు, మన తీరంలో కాదు. బొంబాయిలో పాథాలజిస్టు ఖానోల్కర్ 1945లోనే మన దేశపు అలవాట్లకీ కొన్ని కేన్సర్లకీ ఉన్న సంబంధం గురించి రాస్తూ ఈ చుట్ట సంగతి కూడా చెప్పారు. 1971లో అచ్చయిన ఒక అధ్యయనంలో అయితే ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది అంగిళ్లు చూశారు, కేవలం ఈ అడ్డపొగ ఏం చేస్తోందో తెలుసుకోవడానికి. అంటే ఇది కొత్తగా కనిపెట్టిన విషయం ఏమీ కాదు, పెద్ద పుస్తకాల్లో ఉంది, కాల్చే ఆవిడకి మాత్రం ఇప్పటికీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

సరే, కణం దగ్గరికి వద్దాం.

మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయని లెక్క. ఇవన్నీ ఒకే ఒక్క కణం నుంచి వచ్చాయి, రెండయ్యి, నాలుగయ్యి, అలా. పెరిగి పెద్దయ్యాక కూడా విభజన ఆగదు, ఎందుకంటే పాతవి రాలిపోతూ ఉంటాయి. నోటి లోపలి పొరనే చూడండి. అన్నం నమిలినా, వేడి టీ తాగినా, పళ్లు తోముకున్నా పై కణాలు రాలిపోతాయి, రెండు మూడు వారాల్లో ఆ పొర మొత్తం కొత్తదైపోతుంది. కొత్తవి పుట్టేది అన్నిటికంటే అడుగు వరసలో. అక్కడ కణం రెండుగా చీలుతుంది, ఒకటి కిందే ఉండిపోతుంది, రెండోది పైకి జరుగుతూ జరుగుతూ పలచబడి, చదునై, చివరికి రాలిపోతుంది. ఎన్ని రాలాయో దాదాపు అన్నే పుట్టాలి, ఆ లెక్క ఏళ్ల తరబడి తప్పకుండా నడుస్తుంది. నాకు జబ్బు కంటే ఇదే ఆశ్చర్యంగా ఉంటుంది, ఇన్నేసి కోట్ల విభజనలు ఇంత క్రమంగా జరగడం.

ఆ క్రమం దానంతటది వచ్చేది కాదు. కణం తనకి తోచినప్పుడు చీలదు. పక్క కణాల నుంచో, గాయమైన చోటు నుంచో "పెరగాలి" అనే సంకేతం ప్రొటీన్ రూపంలో వచ్చి కణం పైపొర మీద అతుక్కోవాలి, ఆ కబురు లోపల రాస్ లాంటి ప్రొటీన్ల ద్వారా కేంద్రకం దాకా వెళ్లాలి, అప్పుడు సైక్లిన్లు అనే ప్రొటీన్లు పోగవుతాయి, అవి పోగయితేనే పని ముందుకు కదులుతుంది. ఆ తర్వాత కూడా మధ్య మధ్యలో తనిఖీ ఉంటుంది. డీఎన్‌ఏ (కణం ఎలా పని చేయాలో అక్షరాల్లా రాసి ఉన్న పత్రం లాంటిది) దెబ్బతిని ఉందా? మొత్తం కాపీ అయిందా? 46 క్రోమోజోములూ రెండు పక్కలకీ సమానంగా లాగడానికి సరిగ్గా తగులుకున్నాయా? ఒక్కటి తేడా ఉన్నా అక్కడే ఆగాలి. ఈ ఆగడం, కదలడం ఎలా జరుగుతుందో ఈస్టు మీదా సముద్రపు అర్చిన్ల (ముళ్లబంతిలా ఉండే జీవులు) గుడ్ల మీదా పని చేసి కనిపెట్టినందుకే హార్ట్‌వెల్, హంట్, నర్స్ అనే ముగ్గురికి 2001లో నోబెల్ వచ్చింది. రొట్టె పులియబెట్టే ఈస్టుకీ మన నోటికీ నియమం ఒకటే అంటే ఎంత పాత నియమమో చూడండి.

ఇప్పుడు తప్పు ఎక్కడ పడుతుందో చెప్తాను. చీలే ముందు కణం తన డీఎన్‌ఏ అంతా కాపీ చేసుకోవాలి. అమ్మ వైపు 300 కోట్లు, నాన్న వైపు 300 కోట్లు అక్షరాలు. అన్నీ సరిచూసుకుని రిపేరు చేసుకున్నాక మిగిలే తప్పులు వంద కోట్ల అక్షరాలకి ఒకటి కంటే తక్కువ. చాలా తక్కువే, కానీ విభజనలు కోట్లలో ఉన్నప్పుడు అదీ పోగవుతుంది. దీనికి తోడు పొగ. పొగాకు పొగలో కేన్సర్ తెచ్చే రసాయనాలు 60కి పైనే గుర్తించారు. అందులో బెంజోపైరీన్ అని ఒకటుంది, అది ఒంట్లో మార్పు చెంది డీఎన్‌ఏలో జి అనే అక్షరానికి వెళ్లి అతుక్కుంటుంది, తర్వాత కాపీ జరిగేటప్పుడు ఆ చోట తప్పు అక్షరం పడే అవకాశం పెరుగుతుంది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. కణంలో ఏదో ప్రొటీన్ పాడైతే పోయింది, ఇంకోటి తయారవుతుంది. డీఎన్‌ఏలో తప్పు అలా పోదు. మా ఊళ్లో పట్టు నేసే ఇళ్లవాళ్లకి ఇది వెంటనే తెలిసిపోతుంది, నేతలో ఒక పోగు తప్పితే ఆ ఒక్క చీరలో మచ్చ పడుతుంది, అదే మగ్గానికి డిజైన్ చెప్పే జకార్డ్ అట్టలో రంధ్రం తప్పు చోట కొడితే ఆ అట్ట మీద నేసిన ప్రతి చీరలోనూ అదే తప్పు. ఆ కణం పిల్లలకీ, పిల్లల పిల్లలకీ అందరికీ అదే తప్పు అక్షరం వెళ్తుంది.

చాలా తప్పులు ఏమీ చేయవు, అవి పడిన చోట పెద్ద పని ఉండదు. కొన్ని చోట్ల పడితేనే ముప్పు. రాస్ ప్రొటీన్ ఎలా తయారవ్వాలో రాసి ఉండే డీఎన్‌ఏ భాగంలో, అంటే రాస్ జన్యువులో, ఒకే ఒక్క అక్షరం మారితే చాలు, ఆ ప్రొటీన్ ఆన్ అయిపోయి ఇక ఆఫ్ అవదు, బయట నుంచి ఏ సంకేతం రాకపోయినా లోపలికి "పెరుగు, పెరుగు" అని కబురు పోతూనే ఉంటుంది. 1982లో మూత్రాశయం కేన్సర్ కణాల్లో ఇలాంటి ఒక్క అక్షరం తేడాని పట్టుకున్నారు. పెరగమనే జన్యువుల సంగతి ఇది, రెండు కాపీల్లో ఒకటి పాడైనా చాలు. ఆపే జన్యువుల్లో మాత్రం అమ్మ ఇచ్చిందీ నాన్న ఇచ్చిందీ సాధారణంగా రెండూ పోవాలి. పిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే కేన్సర్ లెక్కలు చూసి నడ్సన్ అనే ఆయన 1971లో ఈ సంగతి పట్టుకున్నాడు. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఒక కాపీ పాడైనదానితో పుడతారు, వాళ్లకి ఇంకొక్కటి పోతే చాలు, అందుకే చిన్నప్పుడే, తరచు రెండు కళ్లలోనూ వస్తుంది. మిగతావాళ్లకి ఒకే కణంలో రెండూ పోవాలి.

ఆపేవాటిలో పి53 అని ఒకటుంది, దాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1979లో బయటపడింది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు ఈ ప్రొటీన్ కణంలో పోగవుతుంది, విభజన ఆపిస్తుంది, రిపేరు పని మొదలుపెట్టిస్తుంది, రిపేరు కుదరనంత దెబ్బ అయితే ఆ కణాన్ని చచ్చిపోయేలా చేస్తుంది. అవును, కణం తనంతట తనే చచ్చిపోతుంది, ఒంటి మేలు కోసం. మనుషులకి వచ్చే కేన్సర్లలో సుమారు సగంలో ఈ పి53 పాడై ఉంటుంది, నోటి కేన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా పాడయ్యే జన్యువు కూడా ఇదే. ఇది పోయాక ఏమవుతుందంటే, చావాల్సిన కణం చావదు. దెబ్బతిన్న డీఎన్‌ఏతోనే కాపీ తీసుకుంటుంది, చీలుతుంది, కాబట్టి తర్వాతి తప్పులు ఇంకా తొందరగా పోగవుతాయి. ఒక కణం మామూలు కణం నుంచి కేన్సర్ కణం అవడానికి ఇలాంటివి ఒకటి రెండు కాదు, చాలానే పోవాలి, అందుకే అన్నేళ్లు పడుతుంది, అందుకే పెద్ద వయసులో ఎక్కువ.

ఆ తర్వాత కూడా దానికి అడ్డంకులుంటాయి. మామూలు కణం 40 నుంచి 60 సార్లు చీలాక ఆగిపోతుందని 1961లో హేఫ్లిక్ చూపించాడు. క్రోమోజోముల కొసలు ప్రతి విభజనకీ కాస్త కాస్త అరుగుతాయి. కేన్సర్ కణాలు చాలావరకు ఆ కొసల్ని మళ్లీ పొడిగించే టెలోమెరేజ్ అనే ఎంజైముని తిరిగి తయారుచేసుకోవడం మొదలుపెడతాయి, ఇక వాటికి ఆగడం ఉండదు. 1951లో హెన్రియెటా లాక్స్ అనే అమెరికా ఆవిడ గర్భాశయ ముఖద్వారం గడ్డ నుంచి తీసిన కణాలు ఈరోజుకీ ల్యాబుల్లో చీలుతూనే ఉన్నాయి, ఆవిడ మాత్రం అదే ఏడు చనిపోయింది. ఇంకో అడ్డంకి రక్తం. గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటాలంటే దానికి రక్తనాళాలు కావాలి, అవి తన వైపు పెరిగేలా రసాయనాలు వదులుతుంది. ఒక గ్రాము గడ్డలో సుమారు వంద కోట్ల కణాలు, అంటే ఒక కణం 30 సార్లు రెట్టింపైతే అక్కడికి చేరుతుంది. చెప్పడానికి తేలిక, కానీ మధ్యలో చాలా కణాలు చచ్చిపోతుంటాయి కాబట్టి ఆ 30 రెట్టింపులకీ చాలా కాలం పడుతుంది. మన వేలికి గడ్డ తగిలేసరికి దాని బతుకులో ఎక్కువ భాగం అప్పటికే గడిచిపోయి ఉంటుంది.

ఇదంతా పుస్తకాల్లో చదివినప్పుడు నాకూ అంతగా పట్టలేదు. పట్టింది స్లైడ్ మీద.

ఆర్జిపల్లి వైపు నుంచి ఒక పెద్దావిడ, కోడలు తీసుకొచ్చింది, కోడలి పంటికేదో చూపించుకోవడానికి వచ్చి పనిలో పనిగా అత్తనీ చూపించింది. అడ్డపొగ చిన్నప్పటి నుంచీ. అంగిలి మధ్యలో తెల్లటి మందమైన మచ్చ, అందులో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. డెంటిస్టు చిన్న ముక్క తీసి పంపాడు. ఆ ముక్కని మైనంలో పోసి నాలుగు మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందాన కోశాను. కోసేటప్పుడు పలచటి రిబ్బన్‌లా వస్తుంది, దాన్ని గోరువెచ్చటి నీళ్ల మీద వదిలితే ముడతలు పోయి పరుచుకుంటుంది, గాజు పలకని కింద నుంచి పెట్టి ఎత్తుకోవాలి. హెమటాక్సిలిన్ వేస్తే కేంద్రకాలు ఊదా నీలం, ఇయోసిన్ వేస్తే మిగతాదంతా గులాబీ. మామూలు అంగిలి అయితే అడుగున నీలం చుక్కలు వరసగా, ఒద్దికగా, ఒకే సైజులో ఉంటాయి, పైకి పోయేకొద్దీ గులాబీ ఎక్కువై చదునైపోతుంది. ఈవిడ స్లైడ్‌లో పై గులాబీ పొర మందంగా ఉంది, సెగకి కాయ కాసినట్టు. అడుగున వరస చెదిరింది. కేంద్రకాలు కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి, నల్లబడినట్టు ముదురుగా. విభజన అవుతున్న కణాలు అడుగున కనపడాలి, ఇక్కడ మధ్య పొరలో కూడా కనపడుతున్నాయి, అంటే చీలడం మానేసి ముదరాల్సిన కణాలు ఇంకా చీలుతున్నాయి. అయితే పొరకీ కింది కండకీ మధ్య ఉండే సన్నటి గీత, బేస్‌మెంట్ మెంబ్రేన్ అంటారు, అది మాత్రం చెక్కు చెదరలేదు. ఏ కణమూ ఆ గీత దాటలేదు. రిపోర్టులో మోడరేట్ డిస్‌ప్లేసియా అని వచ్చింది, అంటే కణాల తీరు ఒక మోస్తరుగా చెడింది అని. కేన్సర్ కాదు. అలాంటి మచ్చలన్నీ కేన్సర్ అవ్వవు కూడా, చాలావరకు అలాగే ఉండిపోతాయి, కొన్ని పోతాయి. కానీ డిస్‌ప్లేసియా ఉన్నదాన్ని వదిలేయకూడదు. చుట్ట మానాలి, మచ్చ తీయించుకోవాలో వద్దో డాక్టర్ చెప్తారు, కొన్ని నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి అని చెప్పి పంపారు.

"నొప్పేటీ లేదు గదా బాబూ, ఊరికే మచ్చే గదా" అంది ఆవిడ వెళ్తూ. చాలామంది అనే మాటే. ఈ దశలో నొప్పి ఉండదు, అదే దీనితో వచ్చిన బాధ.

ఆవిడ చెప్పినట్టు తిరిగి చూపించుకోవడానికి రాలేదు. మధ్యలో వాళ్లూరి దగ్గర వైద్యం చేసే ఒకాయన పూయడానికి మందూ, బి కాంప్లెక్స్ మాత్రలూ ఇచ్చాడట, పూసుకుంటూ కూర్చున్నారు. చుట్ట మానలేదు. కొన్నేళ్లకి అంగిలి మీద పుండు, మెడ పక్కన బిళ్లతో వచ్చింది. రెండో ముక్క కోశాక నేను పాత బ్లాక్ వెతికి తీసి, పాత స్లైడూ కొత్త స్లైడూ పక్క పక్కన పెట్టి చూశాను. ఒకే మనిషి, ఒకే చోటు. రెండోదాంట్లో ఆ సన్నటి గీత లేదు. నీలం కణాల గుంపులు వేళ్లలా కింది కండలోకి దిగిపోయాయి, మధ్య మధ్యలో గులాబీ రంగులో గుండ్రంగా కెరటిన్ ముత్యాలు, అంటే పైన రాలిపోవాల్సిన పొర లోపల చిక్కుకుని ఉండలు కట్టింది. ఒక కణం రెండుగా కాక మూడు పక్కలకి చీలుతోంది, క్రోమోజోములు మూడు దిక్కులా లాగబడి. ఆ తనిఖీ అంతా పోయిందని చెప్పడానికి ఇంకేం కావాలి? పాత స్లైడ్‌కీ దీనికీ మధ్య ఉన్న ఆ కొన్నేళ్లలో ఏ నెలలో వచ్చినా గీత ఇంకా దాటకముందే దొరికేదేమో. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "కత్తి తగిలితే పాకుద్ది, ముక్క తీయించకండి" అని ఊళ్లో ప్రతి రెండో మనిషీ అంటాడు. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. ముక్క తీయించుకునే వేళకే చాలామందికి అది మెడ గ్రంథులకి పాకి ఉంటుంది, తీసిన నెల రెండు నెలల్లో మనిషి పడిపోతాడు, చూసినవాళ్లు కత్తి వల్లే అనుకుంటారు. పాకడం అనేది కణం ఆ గీతని కరిగించి, దాటి, లింఫు నాళంలోకో రక్తంలోకో దిగి, ఇంకో చోట బతకగలిగితే జరిగేది. ఆ గుణం దానికి తన డీఎన్‌ఏలో తప్పులు పోగై వచ్చింది, నోట్లో మచ్చకి తీసే చిన్న ముక్క వల్ల రాదు. ముక్క తీయకపోతే అది మచ్చా, డిస్‌ప్లేసియానా, కేన్సరా అనేది ఎంత పెద్ద డాక్టరైనా కంటితో చూసి ఖాయంగా చెప్పలేడు.

పొగ ఒక్కటే కాదు. గుండి (పొగాకు పొడి) వేసిన పాన్, పళ్లకి రుద్దే గుడాకు అనే పొగాకు పేస్టు, గుట్కా, ఇవన్నీ మా వైపు ఉన్నవే. సూరత్ మిల్లులకి పనికి వెళ్లి వచ్చే కుర్రాళ్లకి రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి గుట్కా అలవాటవుతుంది. వక్క ఒక్కటీ, పొగాకు కలపకపోయినా, కేన్సర్ కారకమే అని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ 2004లో తేల్చింది. వక్క ఎక్కువైతే బుగ్గల లోపల నార కట్టి నోరు తెరుచుకోదు, పాతికేళ్ల కుర్రాడికి రెండు వేళ్లు పట్టనంత. అది కూడా ముందు మచ్చ లాంటిదే, కేన్సర్ రాకముందు వచ్చే హెచ్చరిక.

అలాగే ఏ అలవాటూ లేనివాళ్లకీ వస్తుంది, అది కూడా నిజం. కాపీలో తప్పులు ఊరికే కూడా పడతాయని పైన చెప్పాను కదా. కొద్దిమందికి పాడైన జన్యువు పుట్టుకతోనే వస్తుంది. కొన్నిసార్లు వైరస్, హెచ్‌పీవీ అనే వైరస్ తన ప్రొటీన్లతో పి53ని పనికిరాకుండా చేస్తుంది, గర్భాశయ ముఖద్వార కేన్సర్ చాలావరకు దానివల్లే, దానికి టీకా కూడా ఉంది, ఇంట్లో ఆడపిల్లలుంటే వేయించండి. కాబట్టి జబ్బు పడిన మనిషిని "నువ్వే తెచ్చుకున్నావు" అనకండి దయచేసి. ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్న తల్లిని కొడుకులు అలా అనడం నేను విన్నాను. ఆవిడ బతుకంతా బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ కొడుకుల్నే పెంచింది.

మానేస్తే లాభం ఉందా, ఇన్నేళ్లు కాల్చాక ఇంకేముందిలే అంటారు. ఉంది. టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ వాళ్లు కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్, మన శ్రీకాకుళం, ఈ మూడు జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడేవాళ్లకి ఇళ్లకి వెళ్లి చెప్పి, ఏళ్ల తరబడి వెంట ఉండి చూశారు. మానేసినవాళ్లలో, తగ్గించినవాళ్లలో తెల్లమచ్చలు కొత్తగా రావడం బాగా తగ్గింది. జరిగిన తప్పులు వెనక్కి పోవు, నిజమే, కానీ ఇంకా చాలా తప్పులు పడితే గానీ కేన్సర్ అవని కణానికి ఆ మిగతావి పడే వేగం తగ్గిపోతుంది. కాలిన పొరని మళ్లీ మళ్లీ నింపడానికి అడుగు కణాలు అస్తమానం చీలాల్సిన అవసరమూ తగ్గుతుంది. శ్రీకాకుళం అంటే అక్కడెక్కడో కాదు, మా బరంపురం నుంచి ఇచ్ఛాపురం చేరితే ఆ జిల్లాయే. అక్కడ అత్తలూ అమ్మలూ మానగలిగారు.

ఇంట్లో చుట్ట కాల్చే పెద్దవాళ్లుంటే ఈ వారమే ఒకసారి వెలుతురులో కూర్చోబెట్టి, కట్టుడు పళ్లుంటే తీయించి, తల వెనక్కి వాల్పించి ఫోన్ టార్చ్‌తో అంగిలి చూడండి. బుగ్గల లోపల, నాలుక పక్కలు, నాలుక కింద కూడా. తుడిస్తే పోని తెల్లమచ్చ, ఎర్రటి మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, ఏది కనిపించినా ముందు డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఎర్రటిదాన్ని తెల్లదాని కంటే ఎక్కువ అనుమానించాలి. నొప్పి వచ్చే దాకా ఆగొద్దు.

బయాప్సీ అంటే టెన్షన్ పడకండి, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి బియ్యపుగింజ కంటే కాస్త పెద్ద ముక్క తీస్తారు, అదే రోజు ఇంటికి పంపేస్తారు. రిపోర్టుకి కొన్ని రోజులు పడుతుంది, ముక్క ఫార్మలిన్‌లో నానాలి, మైనం పట్టాలి, తొందరపెడితే స్లైడ్ పాడవుతుంది. ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. ఆ మైనం బ్లాక్, స్లైడ్లు ల్యాబ్‌లో దాచి ఉంచుతారు. వైద్యానికి విశాఖకో కటక్‌కో భువనేశ్వర్‌కో వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే అక్కడ మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు. వెళ్లే ముందు మీ ల్యాబ్‌కి వచ్చి రిపోర్టు నంబరు చెప్పి, స్లైడ్లూ బ్లాకూ ఇవ్వమని అడగండి. సంతకం పెట్టించుకుని ఇస్తారు. బ్లాక్‌ని ఎండలో, బండి డిక్కీలో పెట్టకండి, మైనం కదా, కరిగిపోతుంది.